పాత జిప్సీకి డిఫరెన్షియల్ లాకర్ ఎంపిక: పాడేరు కాఫీ తోట బండి కేస్ స్టడీ

2003లో తయారైన మారుతి జిప్సీ కింగ్ ఒకటి 2023 మే నెలలో విశాఖపట్నంలోని మా వర్క్‌షాపుకు వచ్చింది. 1.3 లీటర్ల పదహారు వాల్వుల పెట్రోలు ఇంజన్, కాన్వాస్ టాప్, నాలుగు మూలలా కమాన్ పట్టీలు, ముందు హబ్‌లు (ముందు చక్రాలను షాఫ్టులకు కలిపే, విడదీసే భాగాలు) చేత్తో తిప్పి లాక్ చేసే రకం. యజమాని పాడేరు ప్రాంతంలో కాఫీ, మిరియం పండించే పెద్దమనిషి. వర్షాకాలంలో కూలీలను, ఎరువును తోటలోకి చేర్చడానికి, నవంబరు నుంచి కాఫీ పండు బస్తాలను పైకి తేవడానికి ఆయనకు ఈ బండే ఆధారం. వారానికి ఒకసారి ఇదే బండి ఘాట్ రోడ్డు దిగి విశాఖకు కూడా వస్తుంది. ఈ చివరి వాక్యాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలని నా మనవి, ఎందుకంటే లాకర్ (ఒక యాక్సిల్, అంటే ఇరుసు, మీది రెండు చక్రాలనూ ఒకే వేగంతో తిరిగేలా కలిపి బిగించే పరికరం) ఎంపికలో సగం నిర్ణయం దాని మీదే ఆధారపడింది.

ఆయన అడిగింది సూటిగా ఉంది: ముందూ వెనకా రెండు యాక్సిళ్ళకూ లాకర్లు కావాలి, ఏ రకమో మీరే చెప్పండి. తోటలోకి వెళ్ళే దారి నాలుగున్నర కిలోమీటర్లు ఉంటుందని, అందులో మూడు చోట్ల ప్రతి వర్షాకాలం బండి ఇరుక్కుంటుందని, ట్రాక్టరు వచ్చి లాగితే తప్ప కదలదని చెప్పారు. ఇలాంటి సందర్భంలో కేటలాగు తెరిచి ధరలు పోల్చడం కన్నా ముందు చేయవలసిన పని, బండి ఎక్కడ ఆగుతున్నదో, అక్కడ ఏ చక్రం తిరుగుతున్నదో కళ్ళారా చూడడం. అందుకని జూన్ చివరలో, తొలకరి పడి నేల బాగా నానిన తర్వాత, నేను స్వయంగా తోటకు వెళ్ళి రెండు రోజులు ఉన్నాను.

ఆ మూడు చోట్లు

మొదటిది గెడ్డ (వాగు) దాటాక వచ్చే ఎర్ర బంకమట్టి ఎగుడు. ఏటవాలు అంత ఎక్కువ కాదు గానీ టైర్ల గాడుల నిండా మట్టి పట్టి నున్నగా అయిపోతాయి. రెండవది అసలు సమస్య. వర్షపు నీరు దారిని ఐమూలగా కోసి చేసిన గండి అది, దాదాపు అడుగున్నర లోతు ఉంది, దాన్ని దాటుతూనే ఇరవై డిగ్రీల ఏటవాలు ఎక్కాలి. మూడవది సిల్వర్ ఓక్ చెట్ల మధ్య కొండ వాలుకు అడ్డంగా సాగే మలుపు, అక్కడ బండి మొత్తం లోయ వైపు పదిహేను డిగ్రీలు ఒరిగి నడుస్తుంది.

గండి దగ్గర జరిగేదాన్ని పక్కన కూర్చుని చూశాను. ఎడమ ముందు చక్రం గండిలోకి దిగగానే కుడి ముందు చక్రం తేలికైంది. బండి మరో మూడడుగులు సాగాక కుడి వెనక చక్రం గండిలో పడి, ఎడమ వెనక చక్రం నేలకు నాలుగు వేళ్ళ ఎత్తున గాలిలోకి లేచింది. ఫోర్ వీల్ డ్రైవ్ వేసి, లో-గేరులో (తక్కువ వేగపు గేరులో), మొదటి గేరులో ఉన్న బండి అక్కడే నిలిచిపోయింది. గాలిలో ఉన్న వెనక చక్రం సైకిలు చక్రంలా తిరుగుతోంది, దాని జత చక్రం మాత్రం రాయి మీద గట్టిగా ఆని ఉండి కూడా వెంట్రుక వాసి కదలలేదు. ఆయన డ్రైవరు దీన్ని నాకన్నా బాగా చెప్పాడు: "గురువుగారూ, కష్టపడే చక్రానికి పని ఇవ్వదండీ, ఖాళీగా ఉన్న చక్రాన్నే తిప్పుతాదండీ."

అతను చెప్పింది డిఫరెన్షియల్ (ఇంజన్ బలాన్ని యాక్సిల్ మీది రెండు చక్రాలకూ పంచే గేర్ల అమరిక) సూత్రమే. ఓపెన్ డిఫరెన్షియల్, అంటే లాకర్ లేని మామూలు రకం, రెండు చక్రాలకూ వేర్వేరు వేగాలను అనుమతిస్తుంది గానీ టార్క్‌ను (తిప్పే బలాన్ని) మాత్రం ఎప్పుడూ సమానంగానే పంచుతుంది. గాలిలో ఉన్న చక్రాన్ని తిప్పడానికి దాదాపు ఏమీ అక్కర్లేదు కాబట్టి, నేలను పట్టుకున్న చక్రానికి కూడా అంతే, అంటే దాదాపు ఏమీ అందదు. జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేసు ముందు వెనక యాక్సిళ్ళను కలిపి బిగిస్తుంది, మధ్యలో డిఫరెన్షియల్ లేదు. అయినా ముందు ఒక చక్రం, వెనక ఐమూల చక్రం ఒకేసారి తేలికపడితే నాలుగు చక్రాల బండి కూడా ఒక్క అంగుళం కదలదు.

లాకర్ మాట ఎత్తడానికి ముందు చేసిన పని

నేను వెళ్ళినప్పుడు టైర్లలో గాలి 28 పీఎస్‌ఐ ఉంది. దాన్ని 18కి దించి అదే రోజు మళ్ళీ ప్రయత్నించగానే మొదటి చోటును, గెడ్డ దాటిన ఎగుడును, బండి రెండో ప్రయత్నంలో ఎక్కింది. వెనక కమాన్ పట్టీలు తుప్పు పట్టి ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి, షాకబ్జార్లలో నూనె లేదు. యాక్సిల్ కిందికి సాగవలసినంత సాగకపోవడం వల్లే చక్రం అంత ఎత్తు గాలిలోకి లేస్తోంది. పట్టీలు విప్పి శుభ్రం చేసి, గ్రాఫైట్ గ్రీజు పూసి, బుష్‌లు, షాకబ్జార్లు మార్చాక గండి దగ్గర చక్రం లేచే ఎత్తు సగానికి తగ్గింది. ఈ పనికి అయిన ఖర్చు లాకర్ ఖర్చులో చిన్న భాగమే. పాత బండికి లాకర్ కావాలని వచ్చిన ప్రతివారికీ ఈ పని ముందు చేయించుకోమని నేను గట్టిగా చెబుతాను, ఎందుకంటే అరిగిపోయిన సస్పెన్షన్ చేసే తప్పును లాకర్ కప్పిపుచ్చుతుంది, ఆ కప్పిపుచ్చిన భారమంతా ఒక్క యాక్సిల్ షాఫ్ట్ (డిఫరెన్షియల్ నుంచి చక్రానికి బలం మోసే కడ్డీ) మీద పడుతుంది.

ఇంత చేశాక కూడా రెండవ చోటు, వాన గట్టిగా పడ్డ రోజుల్లో మూడవ చోటు మిగిలాయి. లాకర్ అవసరం నిజమేనని అప్పుడు ఒప్పుకున్నాను.

ముందా, వెనకా?

యజమాని రెండూ కావాలన్నారు. నాకు ఒక్కటి చాలనిపించింది, ఏ ఒక్కటి అన్నది లెక్కతో తేల్చుకోవాలనుకున్నాను. ఇద్దరు మనుషులు, రెండు వందల కిలోల బస్తాలతో బండిని వే బ్రిడ్జి మీద పెట్టి ఒక్కో యాక్సిల్‌ను విడిగా తూచాం. మొత్తం 1,340 కిలోలు, ముందు 590, వెనక 750. జిప్సీ వీల్‌బేస్ (ముందు, వెనక యాక్సిళ్ళ మధ్య దూరం) 2,375 మి.మీ. బరువు కేంద్రం నేల నుంచి సుమారు 65 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుందని అంచనా వేసుకున్నాను. ఇరవై డిగ్రీల ఎగుడులో బరువు వెనక్కి జరగడం వల్ల వెనక యాక్సిల్ నేలను నొక్కే బలం 830 కిలోల దాకా వస్తుంది, ముందు యాక్సిల్‌కు మిగిలేది 430 మాత్రమే. అంటే చదునులో పెద్ద తేడా కనిపించని బండి, ఎగుడులో తన పట్టులో మూడింట రెండు వంతులు వెనక చక్రాల మీదే పెట్టుకుంటుంది.

ఆ ఎగుడు ఎక్కాలంటే బండిని వెనక్కి లాగే బరువు 458 కిలోలను టైర్లు జయించాలి. గండి దగ్గర నేల రాయి కలిసిన గరుకు మట్టి కాబట్టి పట్టు గుణకం 0.6 అనుకుందాం. రెండు యాక్సిళ్ళూ ఐమూలగా తేలికైన ఆ ఘట్టంలో వెనక యాక్సిల్‌ను మాత్రమే లాక్ చేస్తే, నేల మీద ఉన్న వెనక చక్రం ఒక్కటే 830లో 0.6 వంతు, అంటే 498 కిలోల లాగుడు ఇవ్వగలదు. 458 కన్నా అది ఎక్కువ, బండి ఎక్కుతుంది. ముందు యాక్సిల్‌ను మాత్రమే లాక్ చేస్తే వచ్చేది 258, బండి అక్కడే ఉంటుంది. నలభై కిలోల మిగులు పెద్ద మిగులేమీ కాదని నాకు తెలుసు, వాన పడి రాళ్ళ మీద బురద పేరుకుంటే అది కరిగిపోతుంది కూడా. అయితే సస్పెన్షన్ బాగుపడ్డాక ముందు చక్రం పూర్తిగా గాలిలోకి లేవడం లేదు, దాని పట్టు కొంత తోడవుతుంది. మొదట వెనక యాక్సిలే, ముందుది తర్వాత ఆలోచిద్దాం అని యజమానిని ఈ అంకెలు చూపించే ఒప్పించాను.

ఇదే లెక్కకు మరో ముఖం ఉంది, అది షాఫ్టుల గురించి. జిప్సీ ఇంజన్ గరిష్ఠ టార్క్ 103 న్యూటన్ మీటర్లు. మొదటి గేరు 3.652, ట్రాన్స్‌ఫర్ కేసు లో-గేరు 2.268, వాటికి ఫైనల్ డ్రైవ్ (యాక్సిల్‌లోని క్రౌన్, పినియన్ గేర్ల నిష్పత్తి) కూడా కలిపితే టార్క్ ముప్పై రెట్లు దాటుతుంది. అంటే లాక్ చేసిన యాక్సిల్‌లో షాఫ్ట్ మీద పడే బలాన్ని ఆపేది ఇంజన్ కాదు, టైరు పట్టు. 830 కిలోలూ ఒక్క వెనక చక్రం మీద ఉన్నప్పుడు, 0.6 పట్టుతో, 34 సెంటీమీటర్ల టైరు వ్యాసార్ధంతో, ఆ ఒక్క షాఫ్ట్ మీద పడేది సుమారు 1,660 న్యూటన్ మీటర్లు. బరువు రెండు చక్రాల మీదా సమానంగా ఉన్నప్పుడు ఒక్కో షాఫ్ట్ మోసేదానికి ఇది రెట్టింపు. ఈ కారణంగానే టైరును 215/75 ఆర్15 దగ్గర ఆపేశాం. 31 అంగుళాల టైర్లు వేద్దామని యజమాని కుమారుడు చాలా ముచ్చటపడ్డాడు, కానీ టైరు పెరిగినకొద్దీ షాఫ్ట్ మీద మెలి బలం అదే నిష్పత్తిలో పెరుగుతుంది, ఇరవై ఏళ్ళ నాటి షాఫ్ట్‌కు ఆ భారం పెట్టడానికి నేను ఒప్పుకోలేదు.

రకాల బేరీజు

డిఫరెన్షియల్‌ను వెల్డింగ్ చేయించడం మన ప్రాంతంలో ఇప్పటికీ కనిపిస్తుంది. పోటీలకు ట్రక్కు మీద వెళ్ళి ట్రక్కు మీద తిరిగివచ్చే బండికి అది సరిపోవచ్చు. పాడేరు ఘాట్ దిగే బండికి ప్రతి మలుపులోనూ లోపలి చక్రం, బయటి చక్రం వేర్వేరు దూరాలు నడవాలి. వెల్డింగ్ చేస్తే ఆ తేడా టైరు జారుడుగా, షాఫ్ట్‌లో మెలిగా మారుతుంది. ఆ మార్గాన్ని మొదటి రోజే వదిలేశాం.

క్లచ్ ప్లేట్ల లిమిటెడ్ స్లిప్ రకం గానీ, హెలికల్ గేర్ల రకం గానీ బురదలో కొంత మేలు చేస్తాయి. కానీ హెలికల్ రకం తక్కువ పట్టు ఉన్న చక్రం టార్క్‌ను కొన్ని రెట్లు చేసి రెండో చక్రానికి ఇస్తుంది, సున్నాను ఎన్ని రెట్లు చేసినా సున్నాయే. చక్రం గాలిలో ఉన్నప్పుడు బ్రేకును కొద్దిగా నొక్కి పట్టి దాన్ని పని చేయించవచ్చు, అయితే ఇరవై డిగ్రీల ఎగుడులో, బస్తాల బరువుతో, ఒక కాలు బ్రేకు మీద, ఒక కాలు యాక్సిలరేటర్ మీద పెట్టి క్లచ్‌ను కూడా చూసుకోవడం డ్రైవరును అడగదగిన పని కాదు.

కొత్త థార్‌లో ఉన్నది దీనికి పెట్టలేమా అని యజమాని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. 2015లో మహీంద్రా థార్ వెనక యాక్సిల్‌కు ఈటన్ మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ వచ్చింది. రెండు చక్రాల వేగాల మధ్య తేడా నిమిషానికి సుమారు వంద చుట్లు దాటగానే అది తనంతట తాను లాక్ అవుతుంది, వేగం పెరిగితే లాక్ కాకుండా ఆగుతుంది. మంచి ఏర్పాటు. కానీ అది ఆ యాక్సిల్ కొలతలకు చేసిన వస్తువు, జిప్సీ హౌసింగ్‌లో (యాక్సిల్ తొడుగులో) పట్టదు. ఎలక్ట్రిక్ లాకర్‌లో ఈ యాక్సిల్‌కు సరిపోయేది మేము వెతికినంతలో మాకు దొరకలేదు.

చివరికి పోటీ రెండింటి మధ్య నిలిచింది. ఒకటి లంచ్‌బాక్స్ అని పిలిచే ఆటోమేటిక్ లాకర్, రెండవది ఏఆర్‌బీ ఎయిర్ లాకర్.

లంచ్‌బాక్స్ రకం గుణాలను తక్కువ చేసి చెప్పడం నాకు ఇష్టం లేదు. లాక్‌రైట్, ఆస్సీ లాకర్, లొక్కా వంటివన్నీ ఈ కుటుంబానివే. ఉన్న కేజ్‌లోంచి (డిఫరెన్షియల్ గేర్లను పట్టి ఉంచే గూడులోంచి) స్టార్, సన్ గేర్లు అనే లోపలి గేర్లను తీసేసి, ఆ స్థానంలో డ్రైవర్లు అని పిలిచే పళ్ళున్న రెండు భాగాలు, వాటికి జతగా షాఫ్టుల వైపు రెండు కప్లర్లు పెడతారు. క్రౌన్ పినియన్‌ను కదపనక్కర్లేదు, కొత్తగా సెట్ చేయనక్కర్లేదు. ఇంజన్ బలం వచ్చినప్పుడు మధ్య పిన్ను ఆ డ్రైవర్లను పక్కలకు నెట్టి పళ్ళను కలుపుతుంది. మలుపులో బయటి చక్రం వేగంగా పోవాలనుకున్నప్పుడు ఆ వైపు పళ్ళు టిక్కుటిక్కుమంటూ విడిపోతాయి. గాలి లేదు, వైరు లేదు, స్విచ్చు లేదు. దిగుమతి సుంకంతో కలిపి కూడా ఎయిర్ లాకర్ ఖర్చులో మూడో వంతుకు అటూ ఇటూగా వస్తుంది. ఇది అమర్చేటప్పుడు డ్రైవర్ల మధ్య ఖాళీ 3.7 నుంచి 4.3 మి.మీ. మధ్య ఉందా లేదా అని ఫీలర్ గేజ్‌తో చూడాలి. ఖాళీ తక్కువైతే పళ్ళు పూర్తిగా విడిపోవు, ఎక్కువైతే పూర్తిగా కలవవు. పాత కేజ్‌లో థ్రస్ట్ ముఖాలు (గేర్లు పక్కకు ఆనే ముఖాలు) అరిగి ఉంటే ఈ కొలత తప్పుతుంది, చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు.

అయినా ఈ బండి వెనక యాక్సిల్‌కు నేను దాన్ని వద్దన్నాను. కారణం నా అనుభవంలోనే ఉంది. కొన్నేళ్ళ క్రితం మరో జిప్సీకి వెనక లంచ్‌బాక్స్ లాకర్ నేనే అమర్చాను. దాని యజమాని వానలో ఘాట్ దిగుతూ మలుపు మధ్యలో యాక్సిలరేటర్ నుంచి కాలు తీసి మళ్ళీ వేశాడు. మలుపులో బలం ఇస్తున్నంతసేపు లోపలి చక్రమే బండిని నెడుతుంది, కాలు తీసిన క్షణంలో ఆ పని బయటి చక్రానికి మారుతుంది. తిరిగి బలం ఇచ్చినప్పుడు తడి రోడ్డు మీద రెండూ కలిసి బిగుసుకున్నాయి. అంత పొట్టి వీల్‌బేస్ బండిలో ఆ మార్పు వెనక భాగాన్ని పక్కకు విసిరింది. బండి కొండ వైపు కాలువలో ఆగింది, ఎవరికీ దెబ్బలు తగలలేదు. అది లోయ వైపు మలుపు అయి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ నాకు కాళ్ళూ చేతులూ చల్లబడతాయి. అనుభవం ఉన్న డ్రైవరు ఆ ప్రవర్తనకు అలవాటు పడతాడన్నది నిజమే. కానీ తోట బండిని ఒక్కరే నడపరు, యజమాని, డ్రైవరు, కుమారుడు, ఒక్కోసారి మేస్త్రీ కూడా నడుపుతాడు.

మూడవ చోటు, ఆ పక్కవాలు మలుపు, ఈ నిర్ణయాన్ని మరింత బిగించింది. లాకర్ ఎప్పుడూ మేలే చేస్తుందని చాలామంది అనుకుంటారు. అడ్డంగా ఒరిగిన నేల మీద అది నిజం కాదు. ఓపెన్ డిఫరెన్షియల్‌లో ఒక వెనక చక్రం జారి తిరుగుతున్నప్పుడు రెండవది తిరగకుండా నేలను పట్టుకుని ఉంటుంది, బండి లోయ వైపు జారకుండా అదే లంగరుగా పనిచేస్తుంది. లాక్ చేస్తే రెండు చక్రాలూ ఒకేసారి పట్టు వదిలి తిరుగుతాయి. తిరిగే టైరుకు పక్కకు ఆపే బలం దాదాపు ఉండదు, వెనక భాగం నిదానంగా కిందికి పోతుంది. ఆ మలుపులో లాక్ తీసి ఉంచి, గాలి తగ్గించిన టైర్లతో, నిదానంగా పోవడమే సరైన పద్ధతి. గండిలో లాక్ ఉండాలి, రెండు వందల గజాల తర్వాత మలుపులో ఉండకూడదు, విశాఖ రోడ్డు మీద అసలే ఉండకూడదు. ఇలా కావాలన్నప్పుడు వేసుకుని వద్దన్నప్పుడు తీసేయగలిగేది మా ముందున్న వాటిలో ఎయిర్ లాకర్ ఒక్కటే.

ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో 1975లో మొదలైన ఏఆర్‌బీ సంస్థ, 1987లో రాబర్ట్స్ డిఫ్ లాక్‌ను కొనుగోలు చేసి ఈ ఎయిర్ లాకర్‌ను అభివృద్ధి చేసింది. దీని కేజ్‌లో మామూలు స్టార్, సన్ గేర్లే ఉంటాయి. స్విచ్చు వేసినప్పుడు గాలి ఒత్తిడి ఒక వలయాకారపు పిస్టన్‌ను నెట్టి, లోపలి లాకింగ్ గేరు ద్వారా సన్ గేర్‌ను కేజ్‌తో బిగిస్తుంది. గాలి వదిలేస్తే స్ప్రింగులు దాన్ని వెనక్కి తెస్తాయి. లాక్ తీసి ఉన్నప్పుడు బండి కంపెనీ నుంచి వచ్చినట్లే నడుస్తుంది.

అమరిక

ఆర్డరు పెట్టే ముందు షాఫ్ట్ పళ్ళు లెక్కపెట్టడం తప్పనిసరి. పాత 410 తరం (1 లీటరు ఇంజన్) జిప్సీ షాఫ్టులకు 22 పళ్ళు, 413 తరం (1.3 లీటర్ల ఇంజన్) షాఫ్టులకు 26 ఉంటాయి. ఇరవై ఏళ్ళలో ఎన్ని చేతులు మారి, ఎక్కడెక్కడి సామాను ఎక్కిందో తెలియని బండిలో ఆర్‌సీ పుస్తకం మీది సంవత్సరాన్ని నమ్మకూడదు. వెనక షాఫ్ట్ బయటకు లాగి, ఒక పన్ను మీద సుద్దతో గుర్తు పెట్టి లెక్కపెట్టాను. ఇరవై ఆరు. రెండవ షాఫ్ట్ కూడా తీసి లెక్కపెట్టాను. అదే షాఫ్ట్‌లో, పళ్ళ మొదట్లో, గోటితో తాకితే తెలిసే సన్నని మెలి కనిపించింది. పళ్ళ గీతలు సూటిగా కాకుండా చివరి అంగుళంలో కొద్దిగా పక్కకు వంగి ఉన్నాయి. ఆ షాఫ్ట్ ఎప్పుడో గట్టి దెబ్బ తిన్నదని అర్థం. రెండింటినీ మార్చేశాం.

జిప్సీ యాక్సిల్‌లో ఒక గొప్ప సౌకర్యం ఉంది. క్రౌన్ పినియన్, కేజ్ అన్నీ ఒక ముద్దగా హౌసింగ్ ముందు నుంచి బయటకు వచ్చేస్తాయి. షాఫ్టులు లాగి, ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పి, నట్లు తీస్తే ఆ ముద్దను బల్ల మీద పెట్టుకుని వెలుతురులో పని చేసుకోవచ్చు. విప్పకముందే పాత బ్యాక్‌లాష్‌ను (క్రౌన్, పినియన్ పళ్ళ మధ్య ఆడే ఖాళీని) డయల్ గేజ్‌తో కొలిచాను, 0.22 మి.మీ. వచ్చింది. పళ్ళకు మార్కింగ్ బ్లూ పూసి తిప్పి, పాత ముద్ర ఎలా పడుతుందో ఫోటో తీసుకున్నాను. ఏళ్ళ తరబడి ఒకదానికొకటి అలవాటు పడిన క్రౌన్, పినియన్లను కొత్త కేజ్‌లో పెట్టినప్పుడు ఆ ముద్రకు వీలైనంత దగ్గరగా రావాలి, లేకపోతే రోడ్డు మీద ఊళ వేస్తాయి. కొత్త సైడ్ బేరింగులు వేసి, పక్క అడ్జస్టర్ నట్లతో ప్రీలోడ్ (బేరింగుల ముందస్తు బిగింపు) సరిచేసి, బ్యాక్‌లాష్‌ను 0.15 దగ్గర నిలిపాం. నాలుగు చోట్ల కొలిస్తే 0.14, 0.15, 0.15, 0.16 వచ్చాయి. ఆ అంకెలు చూశాకే క్రౌన్ బోల్టులకు లాక్‌టైట్ (వదులు కాకుండా పట్టే జిగురు) వేసి చివరి బిగింపు ఇచ్చాను.

కేసింగ్‌కు రంధ్రం చేసి గాలి గొట్టం లోపలికి పంపడం సున్నితమైన పని. లోపలి సన్నని గొట్టం క్రౌన్‌కు ఎక్కడా తగలకూడదు, నూనె చిలికినప్పుడు ఊగకూడదు. బయటి నైలాన్ గొట్టాన్ని బ్రేకు పైపు వెంట తీసుకెళ్ళి, సైలెన్సర్‌కు దూరంగా, యాక్సిల్ పూర్తిగా కిందికి సాగినప్పుడు కూడా బిగుసుకోనంత వదులు ఉంచి కట్టాం. కంప్రెసర్‌ను బానెట్ కింద, గెడ్డ నీళ్ళు అందని ఎత్తులో పెట్టాం, దానికి విడిగా రిలే, ఫ్యూజు ఇచ్చాం. యాక్సిల్ బ్రీదర్‌ను (లోపలి గాలి ఆడే రంధ్రాన్ని) కూడా గొట్టంతో పైకి తీసుకెళ్ళాం. వేడెక్కిన యాక్సిల్ చల్లని గెడ్డ నీటిలో దిగగానే లోపలి గాలి కుంచించుకుని, బ్రీదర్ ద్వారా నీళ్ళు పీల్చుకుంటుంది. ఈ బండి పాత నూనె మజ్జిగలా తెల్లగా ఉండడానికి కారణం అదే.

అమర్చిన మూడు వారాలకు ఒక లోపం బయటపడింది. లాక్ తీసినప్పుడల్లా సోలినాయిడ్ (గాలి దారిని తెరిచి మూసే విద్యుత్ వాల్వు) గాలి వదిలే రంధ్రం దగ్గర నూనె తుంపర్లు పడుతున్నాయని డ్రైవరు ఫోను చేశాడు. యాక్సిల్ నూనె గాలి దారిలోకి వస్తున్నదంటే సీల్ హౌసింగ్‌లోని ఓ-రింగుల్లో (రబ్బరు వలయాల్లో) ఒకటి పట్టడం లేదని అర్థం. బండిని రప్పించి మళ్ళీ విప్పితే, ఒక ఓ-రింగు అంచున అర మిల్లీమీటరు చీలిక కనిపించింది. అమర్చేటప్పుడు నూనె పూయకుండా తొడగడం వల్ల వచ్చిన చీలిక అది. ఆ పని నా చేతుల మీదుగా జరిగింది కాబట్టి ఆ రోజు కూలి, ఓ-రింగుల ఖర్చు, వృథా అయిన ఒకటిన్నర లీటరు 80డబ్ల్యూ-90 నూనె నేనే పెట్టుకున్నాను. ఇప్పుడు మా వర్క్‌షాపులో ఎయిర్ లాకర్ ముద్దను హౌసింగ్‌లో పెట్టే ముందు బల్ల మీదే సుమారు 100 పీఎస్‌ఐ గాలి పట్టించి, పదిహేను నిమిషాలు ఒత్తిడి పడిపోకుండా ఉంటేనే ముందుకు వెళ్తున్నాం.

తోటలో ఫలితం

ఆగస్టు రెండవ వారంలో, ముసురు పట్టిన రోజున, అదే బరువుతో అదే గండి దగ్గరకు వెళ్ళాం. డ్రైవరుకు నేను పెట్టిన నియమాలు మూడు. గండికి ముందే, చక్రాలు తిరగకుండా ఉన్నప్పుడే లాక్ వేయాలి, చక్రం గిర్రున తిరుగుతుండగా ఎప్పుడూ వేయకూడదు. లాక్ వేశాక స్టీరింగును వీలైనంత సూటిగా ఉంచాలి, ఎందుకంటే రెండు వెనక చక్రాలూ ఒకే వేగంతో నెడుతున్నప్పుడు బండి తిరగడానికి ఇష్టపడక సూటిగా పోతుంది. ఎగుడు దాటగానే లాక్ తీసి, సూటిగా నాలుగు గజాలు నడిపాకే మలుపు తీసుకోవాలి, మెలి తిరిగి ఉన్న పళ్ళు అప్పుడే విడిపోతాయి.

బండి గండిలోకి దిగింది. ఎడమ వెనక చక్రం లేచింది, ఈసారి గిర్రున తిరగలేదు, జత చక్రంతో సమానంగా నిదానంగా తిరిగింది. ఇంజన్ శబ్దం కూడా మారలేదు. యాక్సిలరేటర్‌ను దాదాపు తాకకుండానే బండి పైకి వచ్చేసింది. మూడవ చోట లాక్ తీసి పోతే ఇబ్బంది రాలేదు. నేను చెప్పింది నిజమా కాదా అని యజమాని తాడు కట్టించి, మనుషులను పై వైపు నిలబెట్టి, ఒక్కసారి లాక్ వేసి చూడమన్నారు. వెనక భాగం మూడు అడుగులు కిందికి జారింది. ఆయన వెంటనే ఆపించారు, ఆ తర్వాత ఆ మలుపు ముందు ఒక సిల్వర్ ఓక్ మానుకు తెల్ల సున్నం పట్టీ వేయించారు, అక్కడికి రాగానే లాక్ తీయాలని డ్రైవర్లందరికీ గుర్తు.

పంట కాలం ముగిశాక 2024 ఫిబ్రవరిలో యాక్సిల్ నూనె తీసి చూశాం. నూనె రంగు శుభ్రంగా ఉంది, డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతానికి సన్నని బూడిద రంగు పేస్టు తప్ప ఇనుప పొట్టు లేదు. బ్యాక్‌లాష్ 0.16 వచ్చింది. కొత్త షాఫ్టుల పళ్ళు సూటిగా ఉన్నాయి. ఆ కాలం మొత్తంలో ట్రాక్టరును రెండుసార్లు పిలిచారు, రెండూ లాకర్‌తో సంబంధం లేనివి, ఒకసారి దారికి అడ్డంగా చెట్టు పడి, మరోసారి గెడ్డ పొంగి.

ముందు యాక్సిల్ మాటను యజమాని ఇంకా వదల్లేదు. అక్కడ లంచ్‌బాక్స్ రకం పెట్టినా ఘాట్ రోడ్డు మీద ప్రమాదం ఉండదన్నది నిజం, హబ్‌లు విడిపించి ఉంటే ముందు డిఫరెన్షియల్ అసలు తిరగదు. నా వెనుకంజ బర్‌ఫీల్డ్ జాయింట్ల (స్టీరింగు తిప్పినా ముందు చక్రాలకు బలం అందించే కీళ్ళ) గురించి. స్టీరింగును పూర్తిగా తిప్పి, ముందు యాక్సిల్ బిగిసి, చక్రం రాళ్ళ మధ్య ఇరుక్కున్న క్షణంలో ఆ జాయింటు గిన్నె పగులుతుంది. ఈ బండి కుడి నకిల్ (ముందు చక్రం పక్కకు తిరిగే కీలు) దగ్గర గ్రీజుతో కలిసి నూనె కారుతోంది, అంటే లోపలి సీలు పోయింది. ఆ పనికి బండి మళ్ళీ మా దగ్గరకు వస్తుంది. అప్పుడు రెండు వైపులా జాయింట్లు విప్పి, గుండ్లు తీసి, గిన్నెల లోపలి గాడులలో గుంటలు పడ్డాయో లేదో చూశాక ముందు లాకర్ గురించి ఆయనకు నా మాట చెబుతాను.